కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?

అరక్కోణం చలి ఎముకలు కొరికేది కాదు. అయినా మార్గశిరంలో తెల్లవారుజామున చెన్నై లోకల్ అందుకోవాల్సిన ఇంట్లో వేడినీళ్లు లేకపోతే ఇబ్బందే. పోయిన చలికాలం మా ఇంటి గీజరులో నీళ్లు మితిమీరి కాగడం మొదలైంది. థర్మోస్టాట్ పోయిందన్నాడు మిస్త్రీ. ట్యాంకులో నీళ్లు వంపేసి, కొత్తది బిగించి వెళ్లాడు. సాయంత్రం స్విచ్ వేశాం. ఎర్రలైటు కాసేపు వెలిగి ఆరిపోయింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కొత్త సరుకే చెడ్డదని అంగడివాణ్ణి తిట్టుకున్నాం. మర్నాడు మిస్త్రీ వచ్చి, ‘‘ఇవన్నీ ఎందుకు సార్, డైరెక్ట్ ఇచ్చేస్తాను’’ అన్నాడు. అంటే మధ్యలో ఉన్న కాపలాలన్నీ తీసేసి కరెంటును నేరుగా హీటరుకు కలపడం. పని జరిగిపోతుంది. కానీ నీళ్లు ఎంత కాగినా ఆపేవాడు ఉండడు. ఆవిరి ఒత్తిడికి ట్యాంకు పగిలినా పగలవచ్చు. వద్దన్నాం. ‘‘కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం, అక్కడే జబ్బు ఉంటుంది’’ అన్నాం.

బడి ల్యాబులోని మల్టీమీటరు తెచ్చాం. మొదట సాకెట్‌లో టెస్టర్ వెలిగింది. ఎం.సి.బి. పడిపోలేదు. అంటే గోడదాకా కరెంటు ఉంది. ఆపైన ఎం.సి.బి. దించి, ప్లగ్గు పీకి, మూత విప్పించాం. తీగలు గట్టిగానే ఉన్నాయి, మాడిన వాసన లేదు. హీటరు తీగ నిరోధం కొలిస్తే 26 ఓములు చూపింది. మాది 2000 వాట్ల గీజరు. 230 వోల్టుల వర్గాన్ని 2000తో భాగిస్తే వచ్చేదీ అంతే. కాబట్టి హీటరు బాగుంది. కొత్త థర్మోస్టాట్ కూడా చల్లగా ఉన్నప్పుడు దారి ఇస్తోంది. మిగిలింది దాని పక్కన ఉండే కటౌట్. అక్కడ దారి తెగి ఉంది.

థర్మోస్టాట్ రోజూ పనిచేసే కాపలాదారు. మా గీజరులో ఉన్న రకంలో ఇత్తడి గొట్టం లోపల ఇన్వార్ కడ్డీ ఉంటుంది. వేడికి ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. ఆ తేడాయే స్విచ్‌ను లాగి కరెంటు ఆపుతుంది. ఈ మిశ్రలోహం గుణాన్ని 1896లో కనుగొన్న గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక కటౌట్ ఆపద్ధర్మంగా నిలిచే రెండో కాపలా. వేడి హద్దు దాటితే అది తెంచేస్తుంది. మనం మీట నొక్కేదాకా మళ్లీ కలవదు. మా దాని మీట నొక్కితే ‘టక్’మంది. ప్రాణం వచ్చింది.

మరి అది ఎందుకు తెంచింది? తప్పు మాదే. ఆ రోజు మిద్దె మీది ట్యాంకు ఖాళీ. ‘‘నీళ్లు నిండాక వేయండి సార్’’ అని మిస్త్రీ చెప్పే వెళ్లాడు. మేము మరిచి ఖాళీ గీజరుకు స్విచ్ వేశాం. కటౌట్ తన పని తాను చేసి హీటరును కాపాడింది. మేము మాత్రం అంగడివాణ్ణి తిట్టాం. వేడినీళ్ల కొళాయి తిప్పి, గాలి చప్పుడు ఆగి నీళ్లు ధారగా వచ్చాకే గీజరు వేయాలన్న పాఠం అలా నేర్చుకున్నాం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇలాంటి చిక్కే వస్తుంది. అక్కడ ఇల్లంతటినీ వెచ్చబరిచే యంత్రానికి గోడమీద థర్మోస్టాట్ ఉంటుంది. చాలా ఇళ్లలో అది 24 వోల్టులతో నడుస్తుంది. మార్చాక తెర వెలగకపోతే కారణం చాలాసార్లు వేరేచోట ఉంటుంది. యంత్రం తలుపు సరిగా మూయక దాని స్విచ్ కలవకపోవచ్చు. తీగలు ఒకదానికొకటి తగిలి చిన్న ఫ్యూజు పోయి ఉండవచ్చు. కొత్త రకానికి కావలసిన ‘కామన్’ తీగ పాత ఇంట్లో లేకపోవచ్చు. అక్కడా అడగాల్సిన ప్రశ్న అదే.

గదుల వేడిని గమనించే విద్యుత్ పరికరానికి 1883లో పేటెంట్ పొందిన వారెన్ జాన్సన్ కూడా మనలాంటి పంతులే. విస్కాన్సిన్‌లో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. గది వేడి చూడటానికి పనివాడు మాటిమాటికీ లోపలికొచ్చి పాఠం చెడగొట్టడమే ఆయన్ను ఆ ఆలోచనకు పురికొల్పింది.

ఈ కథంతా ఎనిమిదో తరగతిలో చెప్పాం. అందరూ నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. ‘‘మా ఇంట్లో ఇస్త్రీపెట్టె డైరెక్టే సార్. మాడు వాసన వస్తే అమ్మ ప్లగ్గు పీకేస్తుంది’’ అంది. తరగతి నిశ్శబ్దమైపోయింది. వాసన రావడం ఆలస్యమైతే? పొయ్యిమీద పాలు పొంగి అమ్మ అటు వెళితే?

ఆ సాయంత్రమే వాళ్ల నాన్నతో మాట్లాడాం. చిన్న ఖర్చేనని చెబితే, ‘‘ఇంత సంగతి ఉందని తెలీదు సార్’’ అన్నారాయన. వారం తిరక్కుండా పెట్టెలో కొత్త థర్మోస్టాట్ పడింది.

పిల్లలూ, మీరు గీజరు మూత విప్పవద్దు. అది తెలిసిన మిస్త్రీ పని. ఇంటికి వెళ్లి ఒక్క మాట మాత్రం అడగండి: ‘‘మనింట్లో ఏదైనా డైరెక్ట్ ఉందా?’’ ఉందంటే, రేపు వచ్చి మాకు చెప్పండి.