డంబెల్స్ కొనేటప్పుడూ కాటా చూడాలి

బాపట్ల: మిర్చి టిక్కీ తూకంలో కిలో తేడా వస్తే ఊరుకోని రైతు, కొడుక్కి డంబెల్స్ కొనేటప్పుడు బిళ్ళ మీది అంకెను నమ్మి డబ్బు చెల్లించడం తగదు.

స్టువార్టుపురం యువకుడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల తరగతిలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించాడు. అంతటి సాధనకు గురువు, వ్యాయామశాల ఉండాలి. ఇంటి వసారాలో కసరత్తుకు బిళ్ళలు మార్చుకునే డంబెల్ జత ఒకటి చాలు.

ముందుగా చూడవలసింది చిన్న బిళ్ళలు. కడ్డీకి అటూ ఇటూ రెండున్నర కిలోల బిళ్ళలు చేర్చితే బరువు ఒక్కసారే 5 కిలోలు పెరుగుతుంది. 5 కిలోలకు అలవాటు పడిన చేతికి 10 కిలోలంటే రెట్టింపు. భుజం పట్టేయవచ్చు. కిలోంపావు బిళ్ళలుంటే రెండున్నర కిలోల చొప్పున పెంచుకోవచ్చు.

సిమెంటు నింపిన ప్లాస్టిక్ బిళ్ళలు చవకే. కాని మందం ఎక్కువ కావడంతో కడ్డీ త్వరగా నిండిపోతుంది, కింద పడితే పగులుతాయి. పోత ఇనుము ఏళ్ళ తరబడి మన్నుతుంది. తీరప్రాంతపు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనెగుడ్డతో తుడవాలి.

అన్నిటికన్నా ముఖ్యం మర బిగింపు. నట్టు బిగించి నిలువుగా పట్టి ఊపినప్పుడు బిళ్ళ కదలరాదు. మర అరిగిన కడ్డీ ఎంత చవకగా వచ్చినా వద్దు. వెల్లకిలా పడుకుని ఎత్తేటప్పుడు బిళ్ళ జారితే పడేది ముఖం మీదనే.

చివరగా కడ్డీని, బిళ్ళలను విడివిడిగా కాటా వేయించాలి. రెండు చేతుల బరువూ సమానంగా తూగితేనే డబ్బు ఇవ్వాలి.