భయమునకు పంచమి

ఆంగ్లము చదువని తల్లి తన కుమార్తెకు ఆంగ్లవాక్యము దిద్దగలదా యని మీరు శంకింపవచ్చును. కొంతవరకు దిద్దగలదని నా యనుభవము.

మా యింటివారు ఉపాధ్యాయులు. బదిలీలవలన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అను మూడూళ్లలోను మేము కాపురముంటిమి. అన్నిచోట్లను సాయంకాలము మా యరుగుపై బాలికలు చదువుటకు కూడెడివారు. 2022–23 విద్యాసంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది మొదలు వారి కష్టము హెచ్చినది. భయమును తెలుపునప్పుడును, ఒకదానితో నొకటి పోల్చునప్పుడును వారు తరచుగా తడబడుచుండిరి.

సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు నడుమ పెరిగిన నేతవారి బాలిక యొకతె "ఐ యాం అఫ్రెయిడ్ టు డాగ్స్" అని చదువగా తరగతియంతయు నవ్వెనట. నాటినుండి ఆ పిల్ల నోరు విప్పదయ్యెను. కోరుట్లలో ఇంట ఉర్దూ మాటలాడు బాలిక "అఫ్రెయిడ్ ఫ్రమ్ డాగ్స్" అనియు, "టాలర్ ఫ్రమ్ మీ" అనియు వ్రాసెడిది.

ఈ తప్పులు తెలివితక్కువవలన పుట్టినవి కావు. మనము "కుక్కకు భయపడితిని" అందుము గనుక మొదటి పిల్ల "కు" బదులు "టు" ఉంచినది. ఉర్దూలో భయమునకును, పోలికకును "సే" యొక్కటియే గనుక రెండవది రెంటికిని "ఫ్రమ్" ఉంచినది. సంస్కృతమునను అంతియే. భయహేతువునకును, తారతమ్యమునకును పంచమీ విభక్తినే పాణిని విధించెను. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున పంచమికి వలన, కంటె, పట్టి అనునవి ప్రత్యయములు. "పామువలన భయము", "అక్కకంటె పొడవు" అని మనకు వేర్వేరు ప్రత్యయములున్నవి గదా! ఆంగ్లముననునట్లే. ఇట్టి "వలన"కు "ఆఫ్", "కంటె"కు "దాన్" అని యెరిగిన చాలును.

మరి రెండు మెలకువలు. "టాల్" అను చిన్నమాట "టాలర్" అగును. దానికి ముందు మరల "మోర్" కూడదు. "అఫ్రెయిడ్" అనుదానికి మాత్రము "మోర్" చేర్పవలయును. "ఫ్రైటెన్డ్" అనగా భయపడినది, "ఫ్రైటెనింగ్" అనగా భయపెట్టునది. వణకుచున్న పిల్ల "ఐ యాం ఫ్రైటెనింగ్" అన్నచో ఇతరులే పరుగెత్తవలయును!

ఇదంతయు తెలుగుననే చెప్పి, ఆ సిరిసిల్ల పిల్లను తనకు తోచిన వాక్యమొకటి వ్రాయుమంటిని. చాలసేపు తలవంచుకొని, తుదకు ఇట్లు వ్రాసెను: "ఐ యాం మోర్ అఫ్రెయిడ్ ఆఫ్ లాఫ్టర్ దాన్ ఆఫ్ డాగ్స్." కుక్కలవలన కంటె నవ్వువలన నాకు భయమెక్కువ యని భావము. రెండవ "ఆఫ్" సైతము మరువలేదు. అది లేనిచో, నవ్వునకు కుక్కలు భయపడుదానికంటె నేనెక్కువ భయపడుదునను అర్థమును రావచ్చును.

వాక్యము నిర్దుష్టమే. కాని దానిని చదివి నా కన్నులు చెమర్చినవి.

అమ్మలారా! మీ బిడ్డ పలక ముందుంచుకొని తడబడునప్పుడు "ఇచట వలనయా, కంటెయా?" అని యడుగుడు. అందులకు ఆంగ్లము రానక్కరలేదు. తప్పినపుడు మాత్రము నవ్వకుడు.