దోమ కడుపులో దొరికిన రహస్యము

చలిజ్వరమెట్టిదో ఆదిలాబాదు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. నాట్లు ముమ్మరముగా సాగు వేళ ఇంటిలో ఇద్దరు దుప్పటి కప్పుకొని పడుకొన్నచో మడి ఆగదు, కూలి మనిషి దొరకడు. ఆ జ్వరమునకు దోమతో గల సంబంధము మొట్టమొదట రుజువుపడినది మన సికిందరాబాదు ప్రాంతముననే. కరీంనగరమునుండి గాని, మంచిర్యాలనుండి గాని ఆ వైపు పనిమీద వెళ్లినప్పుడు ఒక పూట మిగుల్చుకొని, బేగంపేటలో పాత విమానాశ్రయము దాపున గల సర్ రొనాల్డ్ రాస్ స్మారక భవనమును చూచి రండు. ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధీనములో నున్నది. ముందుగా వారిని విచారించుకొని వెళ్లుట మంచిది.

రాస్ 1857లో ఆల్మోరాలో జన్మించిన సైనిక వైద్యుడు. మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థము. చిత్తడినేలల గాలియే జ్వరమునకు మూలమని నాటివారి నమ్మకము. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది ఒంటిలోనికి వచ్చు దారి మాత్రము తేలలేదు.

రాస్ పురుగు దశనుండి దోమలను పెంచి, వానిచే జ్వరపీడితులను కుట్టించి, పిదప ఒక్కొక్కదానిని కోసి చూచెడివాడు. హుసేన్ ఖాన్ అను రోగికి దోమకాటుకు ఒక అణా చొప్పున ఇచ్చినాడు. ఎండకాలపు ఉక్కలో పంకా వేసికొనుటకు వీలులేదు, దోమలు ఎగిరిపోవును గదా! చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి. 1897 ఆగస్టు 20న, రెక్కలపై మచ్చలు గల దోమ కడుపు గోడలో నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణములు కనబడినవి. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, దోమకాటుతోనే ఆ జబ్బు వ్యాపించునని తేల్చినాడు. 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. చేయి చాపి దోమలచే కుట్టించుకొన్న హుసేన్ ఖాన్‌ను గూడ ఆ భవనములో నిలిచినప్పుడు తలచుకొనుట న్యాయము.

ఇక మన ఊరి సంగతి. మలేరియా దోమ మురికి గుంటలకంటె తేట నీటినే ఎక్కువగా కోరును. కాలువ గట్టున ఊట నీరు, వరిమడి, అడవి ఒర్రె, మూతలేని తొట్టి దానికి నెలవులు. గోడపై వాలినప్పుడు తోకభాగము పైకెత్తి కూర్చుండును. దాని పిల్లపురుగులు నీటిపై అడ్డముగా తేలును. గుడ్డు దోమయగుటకు వేడిమి దినములలో వారము పది రోజులు చాలును. కనుక వారమునకొకసారి తొట్లు, కుండలు ఒలుకబోసి ఆరబెట్టవలెను. నీరు కట్టుటకు వీలున్నచోట మడిని మధ్యమధ్య ఆరగట్టినచో పురుగు నశించును, నీరును ఆదా యగును. పొట్ట, పూత దశలలో మాత్రము పైరును ఎండనీయరాదు.

పంచాయతీవారు కాలువ పక్క గుంటలను నాట్లకు ముందే పూడ్పించవలెను. చలితో జ్వరము వచ్చినచో అదే దినము ఆరోగ్యకేంద్రములో రక్తపరీక్ష చేయించుకొనుడు. ఒక రకము మలేరియాకు పదునాలుగు రోజులు మాత్రలు మింగవలసియుండును. మూడవనాడు ఒళ్లు తేలికపడినదని మానివేసినచో, అది కాలేయములో దాగి మరల కోతల నాటికి లేచును.