ఘాట్‌లో గుంజితే.. పరుగులో గోవిందా!

సోలాపూర్: మరమగ్గాల నడుమ పాళీ అంతా నిలబడే కాళ్లకు ఓపిక ఒకరు నేర్పక్కర్లేదు. దాన్ని ఎక్కడ దాచుకోవాలన్నదే మన పేటల కుర్రాళ్లు తెలుసుకోవాలి. ఈత, సైకిల్, పరుగు.. మూడూ వరసగా సాగే పోటీ ట్రయథ్లాన్. 2019లో గోవాలో మొదలైన ‘ఐరన్‌మ్యాన్ 70.3’లో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు ఉంటాయి. దారిలో కొండలుంటే ఈ లెక్కే మారిపోతుంది.

మన ఊరు బల్లపరుపు. ఎత్తు ఎక్కే సాధనకు తుల్జాపూర్ ఘాటే దిక్కు. కోజాగిరి పున్నానికి అమ్మవారి గుడికి నడిచి వెళ్లేవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఊళ్లో ఉరికినోడు ఘాట్‌లో కూలబడతాడు. మెల్లగా కదిలినోడు గుడి చేరతాడు. ట్రయథ్లాన్ సూత్రమూ అదే.

* ఎత్తు మొదలవకముందే గేరు తేలిక చేయండి. రెండు మాటలు మాట్లాడేంత ఊపిరి మిగలాలి. పక్కవాడు దాటితే పోనివ్వండి.
* దిగేటప్పుడు మలుపుకు ముందే బ్రేకులు మెత్తగా వేయండి. మలుపులో గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది.
* నీళ్లు, తిండి చదును రోడ్డు మీదే కానివ్వండి. ఎత్తులో ఆయాసంతో మింగుడు పడదు.
* సైకిల్ చివరి రెండు కిలోమీటర్లు తేలిగ్గా తొక్కండి. పరుగులో ఎత్తు వస్తే అడుగులు చిన్నవి చేయండి.

రాత్రి పాళీ దిగి, నిద్ర లేకుండా ఘాట్‌కు మాత్రం పోవద్దు. అది బస్సులు, ట్రక్కులు తిరిగే రోడ్డు. పతకం ఈసారి కాకుంటే మరోసారి వస్తుంది. కాలు విరిగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది.