కొత్తగా కొన్న విద్యుత్ గిటారులో లోపములున్నచో ఏమి చేయవలెను?

గ్రామములలో భజన మండలికి హార్మోనియము, యువజన సంఘమునకు డోలకు కొనిపెట్టుట పంచాయతీ సభ్యులకు కొత్త పని కాదు. ఇప్పుడు ఆ వరుసలో విద్యుత్ గిటారు కూడ చేరినది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును వాయించి దేశదేశములను మెప్పించిన పిమ్మట, కరెంటు తగిలించిన వాద్యము మనది కాదని అనువారు తగ్గిరి. కాని వీణనో మృదంగమునో పరీక్షించి కొనగల పెద్దలు ఊరూర నున్నను, ఈ వాద్యమును పరీక్షింపగలవారు అరుదు. అందువలన కొనువారు మోసపోవుటయు, మోసము లేనిచోట మోసమని తగవు పడుటయు రెండును జరుగుచున్నవి.

మేము స్వయముగా చూచిన ఒక సంగతిని చెప్పెదము. గత వేసవిలో ఒక గ్రామ యువజన సంఘమువారు గిటారు కొనుటకు హైదరాబాదు పాతబస్తీకి పోవుచు మమ్ములను కూడ తోడు రమ్మనిరి. నయాపూలు దాటి, మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టి రాతి కమానుల ప్రక్కన నడచి, చార్మినార్ పరిసరమున ఒక దుకాణమునకు చేరితిమి. గిటారు, చిన్న యాంప్లిఫయరు కలిపి 14,000 రూపాయలు. అది పత్తి ఏరియు, నాట్లు వేసియు వచ్చిన కూలి నుండి ఆరు నెలలు కూడబెట్టిన సొమ్ము. బేరము గంటసేపు జరిగినది. పరీక్ష ఐదు నిమిషములైనను జరుగలేదు. వీధిలో రద్దీ, ఆఖరు బస్సు తొందర, పైగా బిల్లు వ్రాసినచో పన్ను పడునని దుకాణదారుడు చెప్పగా అందరును చిన్న చీటీతో తృప్తి పడిరి. అచ్చటనే ఉన్న మేమును వారించలేదు. ఆ తప్పులో మాకును పాలు కలదు.

ఊరు చేరి తీగలు బిగించి వాయింపగా మూడు లోపములు కనబడినవి. కొన్ని మెట్ల మీద తీగ గరగర మ్రోగుచున్నది. కిందిమెట్లలో సరిగా ఉన్న శ్రుతి పైమెట్లకు పోవుకొలది హెచ్చుచున్నది. ముందువైపు పికప్పు, అనగా తీగల కదలికను విద్యుత్తుగా మార్చు అయస్కాంతపు చుట్ట, బొత్తిగా పలుకుట లేదు. కుర్రవాండ్లు మూడింటిని ఒకే గాటను కట్టి, సరుకంతయు నకిలీ అని నిశ్చయించిరి. అది తొందరపాటు.

వీణకు మైనముపై నిలిపిన మెట్లను కొంతకాలమునకొకమారు తిరిగి సవరించి మేళము కట్టించవలసి యుండును. అంతమాత్రమున వీణ చెడినదని ఎవరును అనరు. గిటారు కూడ కర్ర వస్తువే. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి కర్ర కుదించుకొని మెట్ల కొనలు చేతికి గుచ్చుకొనును. వానకాలపు తేమకు ఉబ్బి మెడ వంపు మారును. కావున సవరణతో తీరునది లోపము కాదు. సవరణకు లొంగనిది, కర్మాగారమునందే జరిగినది, అదియే లోపము.

గరగరను పరీక్షించుటకు ముందుగా తీగలను సరియైన శ్రుతికి తేవలెను. వదులు తీగ ఎట్లును గరగరలాడును. పిమ్మట లావు తీగను మొదటి మెట్టు వద్దను, మెడ వచ్చి పెట్టెతో కలియు మెట్టు వద్దను ఒకేసారి నొక్కి, నడుమ ఏడవ ఎనిమిదవ మెట్ల వద్ద తీగకును మెట్టుకును మధ్యనున్న సందును చూడవలెను. అచ్చట ఒక విజిటింగు కార్డు మందము, అనగా పావు మిల్లీమీటరు సందు ఉండిన చాలును. సందే లేనిచో మెడ మితిమీరి నిటారుగా ఉన్నదనియు, మిక్కుటముగా ఉన్నచో వంగినదనియు అర్థము. మెడ లోపల ట్రస్ రాడ్డు అను ఇనుప కడ్డీ కలదు. దాని మరను బిగించిన మెడ నిటారగును. వదులు చేసిన వంపు హెచ్చును. ఒకమారు పావుచుట్టు కంటె ఎక్కువ త్రిప్పరాదు. ఎరుగనివారు ముట్టకుండుటయే మేలు. మర తెగినచో ఆ మెడను బాగుచేయుట కడు కష్టము. గరగర ఒకటి రెండు మెట్లకే పరిమితమై, ఈ సవరణకు తీరకున్నచో, ఆ మెట్టు ఎత్తుగా కూర్చున్నదన్నమాట. మెడ త్రాడువలె మెలి తిరిగియున్నను, తల వద్ద పగులున్నను అది స్పష్టమైన లోపము.

శ్రుతి హెచ్చుటకు కారణము గుర్రము మీదనున్న చిన్న ఆనికలు. పండ్రెండవ మెట్టుకు నేరుగా పైన తీగను తాకీతాకనట్లు ముట్టి మీటిన స్వరమును, అదే మెట్టుపై నొక్కి మీటిన స్వరమును పోల్చవలెను. నొక్కిన స్వరము హెచ్చుగా ఉన్నచో ఆనికను వెనుకకు జరుపవలెను, తగ్గినచో ముందుకు. ఇది పది నిమిషముల పని, దుకాణముననే చేయించుకొనదగినది.

పలుకని పికప్పు సంగతి వేరు. యాంప్లిఫయరు శబ్దమును తగ్గించి, మార్పిడి మీటను ఆ పికప్పు వైపునకు త్రిప్పి, మరమేకు కొనతో దానిపై మెల్లగా తట్టినచో టక్కుమని వినబడవలెను. వినబడనిచో తీగ తెగియో టంకపు అతుకు ఊడియో ఉండును. ఇది కర్మాగారపు లోపమే. అయితే మన కుర్రవాండ్లలో ఒకడు ఉత్సాహముకొద్ది వెనుక మూత విప్పి చూచినాడు. మరునాడు దుకాణదారుడు పట్టుకొన్నది ఆ ఒక్క మాటనే. “మూత మీరే విప్పితిరి, పాడుచేసినది కూడ మీరే” అని, గోడమీది పలకను చూపెను. అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదని దానిపై వ్రాసియున్నది.

పాతబస్తీలో బాగుచేయువారికి కొదువ లేదు. ఛత్తా బజారులోని మహబూబ్ రేడియో సర్వీసు పాత వాల్వు రేడియోలను బ్రతికించుటలో పేరు పొందినది. మేము వెదకి పట్టుకొన్న వృద్ధ మెకానిక్కు వేరొక సందులో ఉండెను. ఆయన చూచి, అతుకు మొదటినుండియు సరిగా పడలేదని, కత్తిరించిన గుర్తులేవియు లేవని చెప్పి, “బాబూ, నేను ముట్టను. ముట్టిన మీ తగవు పోవును” అని ఆ మాటనే కాగితముపై వ్రాసి ఇచ్చెను. రెండు రూపాయల పనిని కాదనుకొన్న ఆ పెద్దమనిషి వివేకమును మెచ్చుకొనకుండ ఉండలేము.

ఇక చట్టము. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము ప్రకారము అమ్మిన సరుకు అమ్మదగిన నాణ్యత గలదై యుండవలెను. అయితే కొనువాడు పరీక్షించి కొన్నచో, ఆ పరీక్షలో తెలియవలసిన లోపములకు ఈ రక్షణ వర్తింపదు. లోపము కనబడిన పిదప చాలకాలము ఊరకున్నను సరుకును అంగీకరించినట్లే భావింతురు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున వచ్చిన 2019 చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. బిల్లు ఇయ్యకుండుటయు, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పనిచో 30 దినములలోగా, వాపసు తీసుకొని సొమ్ము ఇచ్చుటకు నిరాకరించుటయు దీని ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతులు. గోడమీది పలక ఈ చట్టమును మాపజాలదు. ఫిర్యాదును రెండేండ్లలోగా చేయవలెను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. గ్రామవాసులకు ముఖ్యమైన విషయ మొకటి: కొన్న చోటనే కాక, తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషను ఎదుటనే ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదు చుట్టు తిరుగ నక్కరలేదు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసిన సలహా లభించును. పెండ్లిండ్లలో వాయించి స్వయంఉపాధిగా పొట్టపోసుకొను కళాకారుడు కూడ ఈ చట్టము దృష్టిలో వినియోగదారుడే.

మన సంఘమువారికి బిల్లు లేకున్నను, సొమ్మును ఫోను ద్వారా చెల్లించిన ఆధారము మిగిలినది. కొన్న తేదీ, చెల్లించిన మొత్తము, లోపము వివరము వ్రాసి, మెకానిక్కు కాగితపు నకలును జతపరచి రిజిస్టరు తపాలాలో పంపిరి. పండ్రెండవ దినమున దుకాణదారుడే పిలిచి వేరొక గిటారును ఇచ్చెను. ఈమారు యాంప్లిఫయరుకు తగిలించి, ప్రతి మెట్టును మీటి, బిల్లు వ్రాయించుకొని కదలిరి.

కొత్త గిటారు కూడ ఊరిలో గుయ్యిమని మ్రోగినది. తీగలపై చేయి వేయగనే ఆ మ్రోత తగ్గినచో గిటారులోని ఎర్తు తీగ బాగున్నట్లే. ఇచ్చట తగ్గుటకు బదులు వ్రేళ్లకు జివ్వుమని తగిలినది. అంతటితో వాయించుట ఆపించితిమి. గిటారు తీగలు యాంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. పందిట్లో ఎర్తు లేనిచో, యాంప్లిఫయరులో కరెంటు కారినప్పుడు అది తీగలలోనికి వచ్చును. వాయించువాని పెదవి మైకునకు తగిలిన ప్రాణమునకే మోసము. లైనుమనిషి వచ్చి చూడగా, పంచాయతీ కార్యాలయపు మూడు కన్నముల సాకెట్టులో మూడవ కన్నమునకు తీగయే లేదు. పండుగలకు మైకులకు కూడ ఆ సాకెట్టు నుండియే కరెంటు ఇచ్చుచుండిరి. సర్పంచి ఆ వారములోనే కార్యాలయము వెనుక ఎర్తు గుంట త్రవ్వించి, 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపోవు రక్షణ మీటను పెట్టించెను. సంఘమువారు ఆ తరువాతనే గిటారును మరల తగిలించిరి.