ఐదు వీవీప్యాట్‌లు చాలా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన సాయంత్రం పల్నాడులో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా వినిపించేది ఒకటే. ఓడినవాళ్లకు ఈవీఎం మీద అనుమానం, గెలిచినవాళ్లకు ఈవీఎం మీద ఎనలేని నమ్మకం. ఐదేళ్లకోసారి ఈ రెండూ చేతులు మారుతుంటాయి. 2019 ఎన్నికల ముందు చంద్రబాబునాయుడు, మరికొందరు ప్రతిపక్ష నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లి సగం యంత్రాల వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాలని అడిగారు. 2024లో ఓడాక జగన్మోహన్‌రెడ్డి పేపర్ బ్యాలెట్టే మేలన్నారు. అడిగేవాళ్లు మారారు గానీ ప్రశ్న అదే. మనం మీట నొక్కింది ఒకరికి, యంత్రం రాసుకుంది మరొకరికి అయితే, ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందా?

రాజకీయ సమాధానాలు ఎన్నో ఉన్నాయి, వాటిని పక్కన పెడదాం. లెక్కల సమాధానం ఒకటుంది. దానికి పదో తరగతి సంభావ్యత చాలు.

మీట నొక్కగానే వీవీప్యాట్ అద్దంలో అభ్యర్థి పేరు, గుర్తు, వరుస సంఖ్య ఉన్న చీటీ ఏడు సెకన్లపాటు కనిపించి, తెగి కింద పెట్టెలో పడుతుంది. యంత్రం తన జ్ఞాపకంలో దాచుకున్నది మన కంటికి కనపడదు, చీటీ కనపడుతుంది. కాబట్టి ఈ రెంటినీ పోల్చడమే అసలు పరీక్ష. 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ పరీక్షను ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో ఒక యంత్రం నుంచి ఐదుకు పెంచింది. ఓట్ల లెక్కింపు చివర్లో అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట లాటరీ తీసి ఐదు పోలింగ్ కేంద్రాలను ఎంచుతారు. బ్యాంకు క్యాషియర్ గదిలా తీగవల చుట్టిన చోట చీటీలను ఒక్కొక్కటిగా గుర్తులవారీ అరల్లో వేసి లెక్కపెడతారు.

ఐదు సరిపోతాయా? పెదకూరపాడునే తీసుకుందాం. పెదకూరపాడు, అచ్చంపేట, క్రోసూరు, అమరావతి, బెల్లంకొండ మండలాల నియోజకవర్గం ఇది. 2024లో ఇక్కడ భాష్యం ప్రవీణ్ నంబూరు శంకరరావు మీద 21 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. లెక్క సులువుగా ఉండటానికి 250 బూత్‌లు ఉన్నాయనుకుందాం. ఇప్పుడొక దొంగను ఊహించండి. ఈ ఫలితాన్ని తారుమారు చేయాలన్నది అతని పని. ఒక ఓటును ఇటునుంచి అటు మారిస్తే తేడా రెండు ఓట్లు మారుతుంది కనుక, అతను కనీసం పదివేల అయిదువందల ఓట్లు మార్చాలి. బూత్‌కు వంద చొప్పున మారిస్తే 105 యంత్రాల మీద చేయి వేయాలి. లాటరీలో తీసిన ఐదూ మిగిలిన 145 మంచి యంత్రాల్లోంచే రావడానికి అవకాశం సుమారు ఆరు శాతం. అంటే నూటికి 94 సార్లు దొంగ దొరికిపోతాడు.

దొంగ తెలివైనవాడైతే తక్కువ యంత్రాల్లో ఎక్కువ ఓట్లు మారుస్తాడు. బూత్‌కు 300 చొప్పున అయితే 35 యంత్రాలు చాలు. అప్పుడు దొరికే అవకాశం 53 శాతానికి పడిపోతుంది. కానీ ఒక బూత్‌లో మూడు వందల ఓట్లు మారితే లాటరీ అక్కర్లేదు. ఏ ఇంట్లో ఏ ఓటు ఎటు పడుతుందో పోలింగుకు వారం ముందే లెక్క కట్టి పెట్టుకునే పల్నాడు ఊళ్లలో ఆ మార్పు ఆ రాత్రికే తెలిసిపోతుంది.

ఇదే ఐదు వీవీప్యాట్‌లు మరోచోట దాదాపు పనికిరావు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు 25 ఓట్ల తేడాతో గెలిచారు. అక్కడేదో జరిగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. లెక్క మాత్రం చూడండి. అంత దగ్గరి పోటీని తిప్పెయ్యడానికి 13 ఓట్లు మార్చితే చాలు, ఒక్క యంత్రం సరిపోతుంది. అక్కడా 250 బూత్‌లే అనుకుంటే, ఆ ఒక్కటి ఐదింటి లాటరీలో తగలడానికి అవకాశం రెండు శాతం.

రాష్ట్రమంతటినీ ఒక్కటిగా చూస్తే బొమ్మ పూర్తిగా మారిపోతుంది. 175 నియోజకవర్గాలు, ఐదేసి చొప్పున 875 యంత్రాలు. రాష్ట్రంలో నూటికి ఒక్క యంత్రం చెడ్డదైనా, 875లో ఒక్కటీ తగలకుండా తప్పించుకునే అవకాశం పదివేలకు రెండు కూడా లేదు. ‘రాష్ట్రం మొత్తం ఈవీఎంలే ముంచేశాయి’ అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు. ‘మా నియోజకవర్గంలో ఏదో జరిగింది’ అనే మాటను మాత్రం ఐదు యంత్రాలతో కొట్టిపారేయలేం. ఎన్నికల సంఘం అడిగితే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నిపుణులు దేశం మొత్తానికి 479 యంత్రాలు చూస్తే చాలన్నారు. దేశం మొత్తాన్ని ఒకే కుప్పగా తీసుకుంటే ఆ లెక్క సరైనదే. కానీ ఎమ్మెల్యేను దేశం మొత్తం ఎన్నుకోదు కదా!

ఈ చిక్కుకు విరుగుడు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రవేత్త ఫిలిప్ స్టార్క్ రూపొందించిన పద్ధతిని 2017 నుంచి అమెరికాలోని కొలరాడో రాష్ట్రం అంతటా వాడుతున్నారు. మెజారిటీ ఎక్కువైతే కొన్ని ఓట్లే చూస్తారు, మెజారిటీ తగ్గేకొద్దీ ఎక్కువ చూస్తారు, మరీ దగ్గరి పోటీ అయితే అన్నీ లెక్కపెడతారు. మన దగ్గర 21 వేల మెజారిటీకీ ఐదే, 25 ఓట్లకూ ఐదే. లోపం యంత్రంలో కన్నా ఈ నియమంలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

2024 ఏప్రిల్ 26 తీర్పులో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం చీటీలు లెక్కపెట్టాలన్న విజ్ఞప్తిని తోసిపుచ్చింది. అయితే రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు ఏడు రోజుల్లోపు అడిగితే ఐదు శాతం యంత్రాల మెమరీని తనిఖీ చేయాలంది. ఆ ఎన్నికల తర్వాత ఒంగోలులో బాలినేని శ్రీనివాసరెడ్డి 12 పోలింగ్ కేంద్రాల యంత్రాల తనిఖీ కోరారు. అధికారులు మాక్ పోల్ చేసి చూపిస్తామన్నారు. ఆయన ఒప్పుకోక హైకోర్టుకు వెళ్లారు. రాజకీయం ఎలా ఉన్నా, ఇక్కడ ఒక శాస్త్రీయ విషయం ఉంది. మాక్ పోల్ యంత్రం ఈ రోజు సరిగ్గా పనిచేస్తోందని చెబుతుందే గానీ పోలింగు రోజు ఏం జరిగిందో చెప్పదు. అది చెప్పగలిగేవి ఆనాటి చీటీలే.

మరి యంత్రాన్ని మార్చడం సాధ్యమేనా? 2010లో హైదరాబాద్ ఇంజనీరు వేమూరి హరిప్రసాద్, అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ ఒక అసలు ఈవీఎం మీదే రెండు దారులు చూపించారు. ఒకటి, అంకెలు చూపే బోర్డును మార్చెయ్యడం. రెండు, మెమరీ చిప్పుకు చిన్న పరికరం తగిలించి ఓట్లు తిరగరాయడం. యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటూ హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. అప్పట్లో వీవీప్యాట్ లేదు. ఆ రెండు దారులకూ యంత్రాన్ని చేతికి తీసుకుని మూత విప్పాలి. అందుకే స్ట్రాంగ్‌రూమ్ తాళం, సీళ్లు, సీసీ కెమెరా అంత ముఖ్యం.

ఇంతా చెప్పాక పల్నాడు అసలు జబ్బు వేరే అని ఒప్పుకోవాలి. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు 202వ పోలింగ్ కేంద్రంలో అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఈవీఎంను నేలకేసి కొట్టినట్టు వెబ్ కెమెరాలో రికార్డయింది. వారం దాటాక ఆ వీడియో దేశమంతా చూసింది, కేసు నమోదైంది. ఆ నియోజకవర్గంలో మొత్తం ఏడు కేంద్రాల్లో యంత్రాలు దెబ్బతిన్నాయని ఎన్నికల సంఘం తెలిపింది. అయినా ఓట్లు పోలేదు, రీపోలింగ్ అవసరం పడలేదు. ఓట్లు నమోదయ్యేది కంట్రోల్ యూనిట్ మెమరీలో. కరెంటు పోయినా, బ్యాటరీ ఊడినా అందులోని లెక్క చెరగదు. బ్యాలెట్ పెట్టెల కాలంలో సిరా పోస్తే, బావిలో పారేస్తే ఆ బూత్ ఓట్లన్నీ గల్లంతే. రిగ్గింగుకూ పగ్గం పడింది. కాగితాల మీద కట్టలకు కట్టలు గుద్దేసే రోజుల్లా కాకుండా, ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. ప్రిసైడింగ్ అధికారి ‘క్లోజ్’ మీట నొక్కితే ఆపై ఒక్క ఓటూ తీసుకోదు.

గణాంకాలతో రిగ్గింగును పసిగట్టే ప్రయత్నమూ ఉంది. 2012లో ఆస్ట్రియాకు చెందిన పీటర్ క్లిమెక్ బృందం రష్యా ఎన్నికల్లో నూటికి నూరు పోలింగ్, నూటికి నూరు ఒకే పార్టీకి పడిన కేంద్రాలు గుట్టగా ఉండటాన్ని ఎత్తిచూపింది. ఈ కొలబద్ద మన దగ్గర జాగ్రత్తగా వాడాలి. ఊరు ఊరంతా ఒకే పక్షాన ఉండే పల్లెలు పల్నాడులో కొత్త కాదు. అక్కడ తొంభై శాతం ఓట్లు ఒకరికే పడటం దొంగతనానికి రుజువు కాదు. అవతలి పక్షం ఏజెంటు లోపల కూర్చోగలిగాడా లేదా అన్నదే చూడాల్సింది.

ఇక ఓటరు జాబితా. 2018లో తెలంగాణలో పేర్లు గల్లంతయ్యాయని అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్‌కుమార్ క్షమాపణ చెప్పారు. 2019కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తీసేయమంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడ్డాయి. యంత్రం దాకా చేరని ఓటును ఏ వీవీప్యాటూ పట్టుకోలేదు.

అందుకే పెదకూరపాడు పాఠకులకు రెండు మాటలు. ముసాయిదా జాబితా రాగానే మీ ఇంటివాళ్ల పేర్లు చూసుకోండి, పోలింగు రోజు వెతుక్కుంటే లాభం లేదు. ఏజెంటుగా కూర్చునేవాళ్లు సాయంత్రం ఫారం-17సీ నకలు తీసుకోకుండా బూత్ దాటి రావద్దు. కంట్రోల్ యూనిట్ నంబరు, పోలైన ఓట్ల మొత్తం, ప్రిసైడింగ్ అధికారి సంతకం ఆ ఒక్క కాగితం మీదే ఉంటాయి. దాన్ని అడిగి తీసుకోవడం మీ హక్కు.