డిజిటల్ రూపాయియు, కౌలురైతు గుట్టును

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్టభూములలో ప్రత్తియు మిరపయు సాగుచేయువారిలో కౌలుదారులు పెక్కురు గలరు. పైరు వారిది, పట్టా వేరొకరిది. అప్పునకై బ్యాంకునకు వెళ్లినచో "పాసుపుస్తకమేది?" యను ప్రశ్నయొద్దనే వారి పని నిలిచిపోవును. 2019వ సంవత్సరమున మన రాష్ట్రమున చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల సాగుపత్రమును ఏర్పరచినది గాని, దానికి భూమి యజమాని సమ్మతి కావలసియుండెను. సంతకము పెట్టినచో భూమి చేజారునేమో యని యజమానులు వెనుదీయుట అందరెరిగినదే.

ఈ చిక్కునకు నూతన మార్గమొకటి వెదకబడినది. 2024 ఆగస్టు 26వ తేదీని బెంగుళూరులో నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాసుగారు ప్రసంగించుచు, ఒడిషా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలోని కొన్ని ప్రదేశములందు కౌలురైతులకు డిజిటల్ రూపాయి ద్వారా ఋణమిచ్చు ప్రయోగమును గూర్చి తెలిపిరి. ఆ రూపాయి సాగు సామగ్రి కొనుగోలునకే చెల్లునట్లు ముందుగనే నిబంధింపబడును. అందుచే బ్యాంకునకు నమ్మిక కలుగును. భూమి పత్రమును బట్టి గాక, సొమ్ము వినియోగమును బట్టి అతడు రైతని గుర్తింపబడును.

ఆశయము మంచిదే. అయితే వినియోగమును గుర్తింపవలెనన్న దానిని ఎచ్చటనో వ్రాసి యుంచవలెను గదా! ఆ వ్రాతను ఎవరు చూడవచ్చును? అది ఎంతకాలముండును? ఈ ప్రశ్నలను సభ్యులు తెలిసికొనుట యవసరము.

డిజిటల్ ధనమును గూర్చి చెప్పునపుడెల్ల బ్లాక్‌చెయిన్ అను మాట వినవచ్చుచుండును. ఇది యొక లెక్కల పుస్తకము. మన సంఘపు చిట్టా ఒక్కచోటనే యుండును; దీని ప్రతులు పెక్కుచోట్ల నుండును. ప్రతి పుటయందును వెనుకటి పుట గుర్తు ఇమిడియుండుటచే, నడుమ నొక్క అంకె దిద్దినను తరువాతి పుటలు పొసగక మోసము బయటపడును. ఈ గుణమును జూచియే మన రాష్ట్ర ప్రభుత్వము 2017లో భూమి దస్తావేజులకు ఈ పద్ధతిని ప్రయోగింప స్వీడను దేశపు క్రోమావే సంస్థతో కూడినది. కాని దీనియందు తప్పు పడినచో క్రొత్త పుటలో సవరణ వ్రాయవచ్చును గాని, పాత వ్రాత చెరగదు.

ఇచ్చట రెండు విధముల ధనమును వేరుపరుపవలెను. బిట్‌కాయిన్ వంటివి ఏ ప్రభుత్వము హామీ నిచ్చినవియు గావు. వాని పుస్తకమును లోకమంతయు చూడవచ్చును; పేరునకు బదులు అంకెలుండును. ఆ అంకెలు ఫలానివానివని తెలిసిననాడు అతని లావాదేవీలన్నియు వెల్లడియగును. ఇట్టి వ్యాపారులకు బ్యాంకులు సేవచేయరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిలులో ఆజ్ఞాపింపగా, 2020 మార్చి 4న సుప్రీముకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసినది. 2022 నుండి వీనిపై లాభమునకు 30 శాతము పన్ను విధింపబడినది; ఒకదానిలోని నష్టమును వేరొక యాదాయమున తగ్గించుకొన వీలులేదు. పన్ను విధించినంత మాత్రమున అది చెల్లుబడి నాణెము కాజాలదు. డిజిటల్ రూపాయి యన్ననో, 2022లో రిజర్వు బ్యాంకు చట్టము సవరింపబడుటచే నోటుతో సమానమైనది. అదే సంవత్సరము డిసెంబరు 1న సామాన్య ప్రజల కొరకు దాని ప్రయోగము మొదలైనది. దాని లెక్క లోకమునకు తెరువబడినది కాదు. చిన్న మొత్తములకు గుట్టు, పెద్ద మొత్తములకు ఆచూకీ యుండుట సమంజసమను తలంపు రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరులో ప్రకటించిన పత్రమునందు గలదు.

గుట్టు మనుజుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము వచ్చెను. పని తీరిన పిమ్మట తన వివరములను చెరిపివేయుమని కోరు హక్కును అది యిచ్చుచున్నది. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటింపబడి, ముఖ్యభాగములు 18 నెలల పిమ్మట అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినది. చెరపుమనుట చట్టము, చెరపరానిది పుస్తకము: చిక్కంతయు నిందే యున్నది. పేరు, ఊరు మొదలగు వివరములను వేరొకచోట చెరపదగినట్లు ఉంచి, పుస్తకమున గుర్తును మాత్రమే వ్రాయుట దీనికి నిపుణులు సూచించు నుపాయము.

కౌలురైతునకు ఇందు లాభనష్టములు రెండును గలవు. ఎరువు కొన్న లెక్క అతడు సాగుచేసెననుటకు సాక్ష్యమగును. ఆ సాక్ష్యమే యజమాని కంటబడినచో మరుసటియేడు కౌలు దొరకకపోవచ్చును. అప్పిచ్చిన వ్యాపారి కంటబడినచో అతని యవసరము తెలిసి ధర తగ్గవచ్చును. మరియు ఎరువునకే చెల్లు రూపాయి ప్రత్తితీత కూలికి గాని, ఇంట రోగికి మందునకు గాని చెల్లదు.

కావున ఇట్టి ఋణము మన గ్రామములకు వచ్చిననాడు సభ్యులు దానిని త్రోసివేయనక్కరలేదు. గ్రుడ్డిగా వేలిముద్ర వేయనురాదు. నా లెక్కను ఎవరెవరు చూతురు? అప్పు తీరిన పిమ్మట నది యేమగును? తప్పు పడినచో ఎవరితో చెప్పుకొనవలెను? ఈ మూడింటికిని తెలుగున వ్రాతమూలముగా సమాధానమడుగవలెను. ఒంటరి కౌలుదారు అడిగిన పలుకనివారు సంఘము అడిగిన పలుకుదురు. సహకారమునకు ప్రయోజన మిదియే గదా!